కలడో లేడో: ఎనిమిదో తరగతిల చర్చ ఎట్ల నడపాలె?

ప్రశ్న: పోతన గజేంద్ర మోక్షం పద్యం మీద పిల్లలతోని చర్చ పెడితే గైడుల తాత్పర్యమే అప్పజెప్తున్నరు. ఎక్కడ తప్పుతున్నది?

కలఁ డందురు దీనుల యెడఁ
గలఁ డందురు పరమయోగి గణముల పాలం
గలఁ డందు రన్ని దిశలను
గలఁడు కలం డనెడువాఁడు గలఁడో లేఁడో

జవాబు: తాత్పర్యం ముందుగాల చెప్పుడే చిక్కు సార్. అది చేతికొచ్చినంక పిల్లలు అడిగేటందుకు ఏం మిగలది. బమ్మెర మన పాలకుర్తి పక్కనే అని పది నిమిషాలు ఊరి గొప్ప చెప్పకుండ్రి, ఆ పది నిమిషాలు పిల్లలవి.

ఒక్క పీరియడ్ చాలు. మీరొకసారి చదవండి, రెండోసారి పిల్లలతోని పదాలు విడదీయించండి. మూడో పాదంల 'రన్ని' దగ్గర ఆగిపోతరు. అందురు + అన్ని అని విడిపోతే దారి దొరుకుతది. తర్వాత ఇద్దరిద్దరిని కూసోబెట్టి జంటకొక ప్రశ్న రాయించి, అడిగినోళ్ల పేర్లతోని బోర్డు మీదెక్కించండి. 'పాలన్ అంటే ఏంది' నిఘంటువుకు పోతది. 'ఎవరు అంటున్నరు' కథల దొరుకుతది. 'పదిమంది ఉన్నడంటే ఉన్నట్టేనా?' ఎక్కడా దొరకది, చర్చకు అదే. ఏది తీసుకోవాలెనో చేతులెత్తి వాళ్లే తేల్చాలె.

మాథ్యూ లిప్‌మన్ అనే అమెరికా తత్వవేత్త 1974ల న్యూజెర్సీ మాంట్‌క్లెయిర్‌ల పిల్లలతోని తత్వచర్చల కోసం కేంద్రం పెట్టి నడిపిన పద్ధతి దాదాపు ఇదే. ఆయన పిల్లల కోసం కథలు కొత్తగ రాసుకున్నడు. మనకు పద్యం ఉండనే ఉన్నది.

ఇంకొకరు: చివరికి దేవుడున్నడా లేడా అని కొట్లాటైతే?

జవాబు: అయితది. అప్పుడు అడగాల్సింది ఒక్కటే: 'ఏ మాట చూసి అట్ల అంటున్నవ్?' మొదటి మూడు పాదాలల్ల 'అందురు' ఉంది, అన్నీ విన్న మాటలే. నాలుగోదాంట్ల 'అందురు' పోయి గజేంద్రుడి సొంత అనుమానం మిగిలింది. ఇది పట్టుకున్న పిల్లవాడు మరి 'లావొక్కింతయు లేదు' అని మళ్ల ఎందుకు పిలిచిండని తప్పక అడుగుతడు. ఆ పద్యం పేజీ అప్పుడే తెరవండి, ముందు వద్దు. ఇంకోటి, ఎవరి జవాబుకూ 'శభాష్' అనొద్దు. అన్నరంటే మిగిలినోళ్లు అదే జవాబు తిప్పి చెప్తరు.

ఇంకొకరు: పరీక్షల ఛందస్సు అడుగుతరు కద?

జవాబు: చర్చైనంకనే చెప్పండి. ఇది కంద పద్యం. కందంల ప్రాస నాలుగు పాదాలకు రెండో అక్షరం, ఇక్కడ 'ల'. 'కలడు' నాలుగు పాదాల మొదట్ల ఎందుకొచ్చిందని అప్పటికే మాట్లాడుకున్న పిల్లలకు ప్రాస గుర్తుపెట్టుకునుడు కష్టం కాదు. ఆఖరి ఐదు నిమిషాలు నోట్‌బుక్‌ల మూడు వాక్యాలు: ముందు ఏమనుకున్న, ఎవరి మాటతోని మారింది, పద్యంల ఏ పదం సాక్ష్యం. మూడోది ఖాళీగ ఉంటే దిద్దకుండ వాపస్ ఇవ్వండి.