వాటర్ గన్ కింది వాల్వ్‌లో గోళీ బదులు ఏం పెట్టాలి?

ఇది ట్రిగ్గర్ నొక్కితే చిమ్మే చిన్న రకం, గాలి నింపేది కాదు. స్ప్రింగ్ తుప్పు పట్టి విరిగితే బాల్ పెన్ స్ప్రింగులు రెండు ఒకదాని వెనక ఒకటి పెట్టాను, ట్రిగ్గర్ బాగానే వెనక్కి వస్తోంది. పిస్టన్ ఓ-రింగ్ (నీళ్లు కారకుండా ఆపే రబ్బరు రింగ్) అరిగింది. దాని గాడిలో టెఫ్లాన్ టేపు మూడు చుట్లు చుట్టి అదే రింగ్ ఎక్కించాను. వెనక నుంచి ఒక్క చుక్క కారడం లేదు.

చిక్కంతా ఆ కింది వాల్వ్‌తోనే, అంటే నీళ్లు లాగే గొట్టం పై చివర, లాగిన నీళ్లు వెనక్కి పోకుండా ఆపేది. అందులోని ప్లాస్టిక్ గోళీ విప్పేటప్పుడు ఎగిరిపోయింది. 4 మి.మీ. ఉక్కు బేరింగ్ గోళీ వేశాను. ఇప్పుడు నొక్కితే సగం నీళ్లే ముందుకి వెళ్తున్నాయి. మూతి వేలితో గట్టిగా మూసి నొక్కి చూశాను: ట్రిగ్గర్ బిగుసుకోవాలి కదా, మెత్తగా లోపలికి పోతోంది, గొట్టం అడుగున నీళ్లు సుడి తిరుగుతున్నాయి. రెండు నిమిషాలు పక్కన పెడితే గొట్టం ఖాళీ. మళ్లీ పది పన్నెండు సార్లు నొక్కాలి.

గోళీ కూర్చునే అంచుని టూత్‌పేస్టుతో నున్నగా రుద్దాను. కొంచెం మెరుగైంది గానీ కారడం ఆగలేదు. గట్టి ప్లాస్టిక్ మీద గట్టి ఉక్కు, మధ్యలో మెత్తనిది ఏదీ లేదు, అందుకే సందు మూసుకోవడం లేదని నా అనుమానం.

గోళీ కింది రంధ్రం 3 మి.మీ., వాల్వ్ గది లోపలి వెడల్పు 6 మి.మీ. ఈ కొలతలకి గోళీ తీసేసి సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు బిళ్ల వేస్తే నీళ్లు ఆగుతాయా?