వైద్య పరిభాష మొదటినుంచి నేర్చుకోవడానికి దారి చూపగలరా?

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులోని మలక్‌పేటలో ఉంటాను. చదివింది బీఏ, వైద్యంతో పరిచయం లేదు. గత నెల నాన్నగారిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చినప్పుడు ఇచ్చిన డిశ్చార్జ్ సమ్మరీలో ‘హైపోకలేమియా’ అని ఉంటే, దాన్ని ‘హైపర్‌కలేమియా’గా చదువుకొని, రక్తంలో పొటాషియం ఎక్కువైందనుకొని, పొటాషియం ఉంటుందని ఆయన రోజూ ఇష్టంగా తాగే కొబ్బరినీళ్లను వారం రోజులు మాన్పించాను. ‘హైపో’ అంటే తక్కువ, ‘హైపర్’ అంటే ఎక్కువ అని మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరుగారు చెప్పేదాకా నా పొరపాటు నాకు తెలియలేదు. ఆ బాధ ఇంకా మనసులోంచి పోలేదు.

అప్పటి నుంచి పదాలను విడగొట్టి చదువుతున్నాను. ‘ఐటిస్’ అంటే వాపు, ‘ఎక్టమీ’ అంటే కోసి తీసివేయడం అని తెలిశాక అపెండిసైటిస్, అపెండెక్టమీ వాటంతటవే అర్థమయ్యాయి. మందుల చీటీ మీద ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు అని మందుల షాపతను ఓపికగా చెప్పాడు. కానీ మూత్రపిండాల గురించి ఒకచోట ‘రీనల్’ అనీ, ఇంకొకచోట ‘నెఫ్రో’ అనీ ఎందుకు రాస్తారు? మొదటిది లాటిన్, రెండవది గ్రీకు అని తెలుసుకున్నాను; అయితే ఏది ఎక్కడ వాడాలో చెప్పే సూత్రమేమైనా ఉందా?

నర్సింగ్ గానీ, ఫార్మసీ గానీ చదివినవారు మొదట ఏ పదభాగాలు నేర్చుకోవాలో, తెలుగులో వివరించే పుస్తకాలు హిమాయత్‌నగర్ తెలుగు అకాడమీలోనో కోఠీ పుస్తకాల దుకాణాల్లోనో దొరుకుతాయో దయచేసి చెప్పగలరు. డాక్టరుగారి సలహాకు బదులుగా కాదు, ఆయన చెప్పేది సరిగ్గా అర్థం చేసుకోవడానికే అడుగుతున్నాను.