కెర్నల్ మాడ్యూళ్లు వాటంతటవే లోడ్ అవ్వాలా, ఆపాలా? ఆడిట్ తలనొప్పి

వైట్‌ఫీల్డ్_వాసు (శనివారం, మధ్యాహ్నం 2:10)
అందరికీ నమస్కారం. బెంగళూరులో ఐటీపీఎల్ టెక్ పార్క్ దగ్గర మాదొక చిన్న కంపెనీ. పన్నెండు ఉబుంటు లైనక్స్ సర్వర్లు, చూసుకునే దిక్కు నేనొక్కడినే. మొన్న ఆడిట్‌కి వచ్చినాయన రిపోర్టులో ఒక లైను రాసిపోయాడు: అక్కర్లేని కెర్నల్ మాడ్యూళ్లు (లైనక్స్ కెర్నల్ అవసరం పడ్డప్పుడు తగిలించుకునే డ్రైవర్ల లాంటి ముక్కలు) ఆటోమేటిక్‌గా లోడ్ కాకుండా చూడాలట. ఎలాగో చెప్పలేదు. నేను నెట్‌లో వెతికి, శుక్రవారం సాయంత్రం ఒక సర్వర్లో మాడ్యూల్స్_డిజేబుల్డ్ అనే సెట్టింగ్‌ని (కొత్త మాడ్యూల్ ఏదీ లోడ్ కాకుండా తాళం వేసేది) 1 చేసి ఇంటికి పోయాను.

పొద్దున బ్యాకప్ తీద్దామని యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ పెట్టాను. లైటు వెలిగింది, లోపల తిరుగుతున్న చప్పుడు కూడా వస్తోంది. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో కొత్త పరికరం వచ్చిందని ఉంది. డిస్క్‌ల లిస్టు చూపే ఎల్‌ఎస్‌బ్లాక్ కొడితే మాత్రం డిస్క్ లేదు! కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను, రెండు గంటలు తల బద్దలు కొట్టుకున్నాను. ఇంతా చేస్తే యూఎస్‌బీ స్టోరేజ్ మాడ్యూల్ లోడ్ కాలేదు. సరే, మళ్లీ 0 చేద్దామంటే కుదరదు. రీబూట్ చేస్తే తప్ప ఆ సెట్టింగ్ వెనక్కి రాదట. అది ముందే చదివుంటే శుక్రవారం పూట ముట్టుకునేవాణ్ణి కాదు.

అడిగేది మూడు. మీరు ఏవి ఆపారు? డాకర్ (అప్లికేషన్లని కంటైనర్లుగా విడివిడిగా నడిపేది) ఉన్న మెషీన్లలో ఏం చేస్తారు? ఆడిటర్‌కి ఏమని రాసిచ్చారు?

మడివాళ_మావయ్య (2:31)
బాబూ వాసూ, 17 ఏళ్లుగా ఈ ఫీల్డులో ఉన్నవాడిగా చెప్తున్నా. ఆటోమేటిక్ అన్న మాట వినగానే స్విచ్ కట్టెయ్, అంతే. 2009లో మడివాళలో సర్వీస్ సెంటర్ నడిపేవాణ్ణి. కాన్‌ఫికర్ వైరస్ రోజులు. పక్కన జిరాక్స్ షాపులో రెజ్యూమ్ ప్రింట్ తీయించుకోవడానికి పిల్లలు పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లేవాళ్లు, తిరిగొచ్చేటప్పుడు వైరస్ తెచ్చుకునేవాళ్లు. డ్రైవ్ పెట్టగానే విండోస్ అందులోని ఆటోరన్ ఫైలు చదివి, దాన్ని నడిపించే ఆప్షన్ ముందుకు తెచ్చేది, ఒక్క క్లిక్కుతో వైరస్ ఎక్కేది. పీజీలో ఒకడికి వస్తే మూడో రోజుకి ఫ్లోరంతా నా షాపు ముందు. మైక్రోసాఫ్ట్ వాళ్లు విండోస్ 7లో పెన్‌డ్రైవ్‌లకి దాన్ని తీసేశారు, ఎక్స్‌పీ, విస్టా వాళ్లకి 2011 ఫిబ్రవరిలో అప్‌డేట్‌గా పంపారు. ఆ తర్వాత నా బేరం సగానికి పడిపోయింది, అది వేరే సంగతి.

రూట్_రాజు (2:44)
మావయ్యా, ఆయన అడిగింది లైనక్స్ గురించి.

వాసు గారూ, కంగారు పడకండి. మొత్తం తాళం వెయ్యక్కర్లేదు. డీసీసీపీ, ఆర్‌డీఎస్, టిప్క్ లాంటి నెట్‌వర్క్ ప్రోటోకాల్స్ మామూలు సర్వర్లో ఎవరూ వాడరు. మాడ్యూళ్లు లోడ్ చేసే మోడ్‌ప్రోబ్ కమాండ్ సెట్టింగులుండే మోడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్లో ఒక ఫైలు పెట్టి, బ్లాక్‌లిస్ట్ అని రాసి, పక్కన వీటి పేర్లు ఇచ్చేయండి. అయిదు నిమిషాల పని. ఇంత టెన్షన్ అవసరమా?

కడప_కోడర్ (2:52)
రాజన్నా, బ్లాక్‌లిస్ట్ అంటే లోడ్ కానే కాదని ఎవరు చెప్పినారు నీకు? పేరు పెట్టి పిలిస్తే అది హాయిగా లోడ్ అయితాది. ఇన్‌స్టాల్ అని రాసి, పక్కన మాడ్యూల్ పేరు, /బిన్/ఫాల్స్ పెట్టాల. అప్పుడు లోడ్ చేసే బదులు ఎప్పుడూ ఫెయిలయ్యే ఆ కమాండ్ నడుస్తాది.

రూట్_రాజు (2:58)
తమ్ముడూ, పేరు పెట్టి మోడ్‌ప్రోబ్ కొట్టేది రూట్, అంటే సర్వాధికారాలున్న యూజరు. రూట్ చేతిలో ఉన్నాక ఇంక దాచేదేముంది? ఇక్కడ మాట ఆటోలోడ్ గురించి. మామూలు యూజరు సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్ కోసం ప్రోగ్రామ్ తెరిచేది) తెరిస్తే కెర్నల్ అడిగేది మాడ్యూల్ పేరు కాదు, మారుపేరు (అలియాస్). బ్లాక్‌లిస్ట్ చేసేదే ఆ మారుపేర్లని పట్టించుకోకపోవడం. మాన్ పేజీ (కమాండ్ల మాన్యువల్) ఒకసారి తెరిచి చూడు.

కడప_కోడర్ (3:05)
మాన్ పేజీ నువ్వు చూడు. మారుపేరు ఎవరికి ఉందో చూసినావా? డీసీసీపీ మాడ్యూల్‌కి కాదన్నా, డీసీసీపీ_ఐపీవీ4 అనే ఇంకోదానికి. నువ్వు మొదటిదాన్ని బ్లాక్‌లిస్ట్ చేస్తే, రెండోది మారుపేరుతో లోపలికొచ్చి, తనకు కావల్సిన మొదటిదాన్ని వెంటబెట్టుకొని వస్తుంది. డిపెండెన్సీగా వచ్చేదానికి బ్లాక్‌లిస్ట్ వర్తించదు.

రూట్_రాజు (3:09)
థియరీ బాగుంది. చేసి చూపించు.

టెస్టర్_శ్రావ్య (3:15)
అన్నయ్యలూ, మీరు కొట్టుకునేలోపు నా బాధ వినండి. మాది పైథాన్. పైటెస్ట్ అనే టెస్టింగ్ టూల్ నడిపితే ఆ ఎన్విరాన్‌మెంట్‌లో ఇన్‌స్టాల్ అయి ఉన్న ప్లగిన్లన్నీ దానంతటదే ఎక్కించుకుంటుంది, ఎవరూ పిలవక్కర్లేదు. మా టీమ్‌లో ఒకతను వేరే పనికి ఏదో ప్యాకేజీ వేశాడు, దాని వెనకాల ఒక ప్లగిన్ వచ్చింది. నా టెస్టులు ఆర్డర్ మారిపోయి ఫెయిల్. నా లాప్‌టాప్‌లో పాస్, సర్వర్లో ఫెయిల్. రెండు రోజులు నన్నే తిట్టారు. పైటెస్ట్_డిజేబుల్_ప్లగిన్_ఆటోలోడ్ అని ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది, దాన్ని 1 చేసి, కావల్సినవి పేరుపేరునా రాసుకున్నాక ప్రాణం కుదుటపడింది. సెక్యూరిటీ సంగతి తర్వాత, ముందు ఏం నడుస్తోందో తెలియాలి కదా!

ఇందిరానగర్_ఇడ్లీ (3:22)
ఇదంతా మా అపార్ట్‌మెంట్ గేటు యాప్ కథలా ఉంది. బెల్లు మోగినప్పుడల్లా ఫోన్ తియ్యలేక, డెలివరీ వాళ్లందరికీ ఆటో అప్రూవ్ పెట్టేశాం. పోయిన నెల డెలివరీ టీషర్టు వేసుకున్న ఒకడు దర్జాగా లోపలికొచ్చి మూడో ఫ్లోర్లో నాలుగు జతల షూస్ ఎత్తుకుపోయాడు. ఏ కంపెనీ బ్యాగో కూడా వాచ్‌మన్ చూడలేదు.

మడివాళ_మావయ్య (3:25)
వాచ్‌మన్‌ని అనకండి. పన్నెండు గంటల డ్యూటీ, జీతం ఎంతో అడిగారా ఎప్పుడైనా?

ఇందిరానగర్_ఇడ్లీ (3:27)
నేనేమన్నా ఆయన్ని తిట్టానా? ఆటో అప్రూవ్ పెట్టుకున్నది మేమే అంటున్నా.

మడివాళ_మావయ్య (3:28)
చూడలేదు అని రాశావుగా. అది తిట్టడం కాదా?

కడప_కోడర్ (3:41)
రాజన్నా, చేసినా. పాత లాప్‌టాప్‌లో నేనే కంపైల్ చేసుకున్న 5.15 కెర్నల్ ఉంది. నువ్వు చెప్పినట్టే బ్లాక్‌లిస్ట్‌లో డీసీసీపీ ఒక్కటి రాసినా. మామూలు యూజరుగా, సుడో లేకుండా, పైథాన్‌లో ఒకే లైను: ఫ్యామిలీ 2, టైప్ 6, ప్రోటోకాల్ 33 (డీసీసీపీ నంబర్లు) అని సాకెట్ తెరిచినా. లోడైన మాడ్యూళ్లు చూపే ఎల్‌ఎస్‌మాడ్ కొడితే రెండూ కూర్చోనుండాయి, డీసీసీపీ_ఐపీవీ4, దాని కింద డీసీసీపీ. రీబూట్ చేసి, ఈసారి ఇన్‌స్టాల్ లైను రాసి మళ్లీ తెరిచినా. ఎర్రర్ వచ్చింది, ఎల్‌ఎస్‌మాడ్‌లో రెండూ లేవు. ఇంకేం కావాల?

రూట్_రాజు (3:50)
ఐపీవీ4, ఐపీవీ6 రెండింటి పేర్లూ కూడా బ్లాక్‌లిస్ట్‌లో రాసుంటే ఆగేది. నేను పేర్లు పొట్టిగా చెప్పాను, అంతే. పైగా డీసీసీపీని 6.16 కెర్నల్లోంచే తీసేశారు. చచ్చిన పాముని ఎంతసేపు కొడతావ్?

కడప_కోడర్ (3:53)
పొట్టిగా చెప్పినావా? పేరు తెలీక చెప్పినావా? వాసు అన్న నీ మాట నమ్మి ఆడిటర్‌కి చూపించింటే పరువు పోయేది. ఆయన సర్వర్లలో నడిచేది 6.16 అని నీకు కలొచ్చిందా?

రూట్_రాజు (3:55)
నోరు అదుపులో పెట్టుకో. నువ్వు పుట్టకముందు నుంచి లైనక్స్ వాడుతున్నా.

కడప_కోడర్ (3:56)
నేను పుట్టింది 1990లో. లైనక్స్ వచ్చింది 1991లో.

మోడరేటర్ (4:02)
ఇద్దరూ ఆగండి. వయసులు, పుట్టుకలు వద్దు. వాచ్‌మన్ జీతాల మీద మాట్లాడాలంటే వేరే చర్చ తెరవండి.

సిల్క్‌బోర్డ్_బాధితుడు (4:20)
బస్సులోంచి టైప్ చేస్తున్నా, అరగంటగా అదే ఫ్లైఓవర్ కింద ఉన్నాం కాబట్టి పెద్దగానే రాస్తా.

కడప తమ్ముడు చెప్పిన డీసీసీపీ చిన్న విషయం కాదు. సీవీఈ-2017-6074 (సెక్యూరిటీ లోపాలకిచ్చే నంబరు) అని వెతకండి. ఆ బగ్ 2005 నుంచీ కెర్నల్లో ఉంది, 2017లో గానీ బయటపడలేదు. దాన్ని వాడేవాళ్లు లేరు కాబట్టే చూసేవాళ్లూ లేరు. వాడకపోతే ఏంటి, మామూలు యూజరు ఒక సాకెట్ తెరిస్తే కెర్నల్ తనే తెచ్చి ముందు పెడుతుంది, అక్కణ్ణించి రూట్. తర్వాతి నెలలోనే సీరియల్ కార్డుల కోసం ఉన్న ఎన్_హెచ్‌డీఎల్‌సీ అనే మాడ్యూల్, అదీ అంతే, 2009 నాటి బగ్. ఆ సీరియల్ కార్డు ఎవరి మెషీన్లోనూ లేదు, మాడ్యూల్ మాత్రం అందరి డిస్క్‌లోనూ ఉంది. డెబియన్ అనే లైనక్స్ డిస్ట్రో వాళ్లు ఇలాంటి కొన్ని ప్రోటోకాల్స్‌కి తమ కెర్నల్లో ఆటోలోడ్ మారుపేర్లే పీకేశారు. రూట్ కావాలంటే పేరుతో లోడ్ చేసుకోవచ్చు, మామూలు యూజరు చేయించలేడు. నాకు నచ్చింది ఈ పద్ధతి.

కానీ మావయ్య గారిలా ఆటోమేటిక్ అంటేనే పాపం అనకండి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ కంప్రెషన్ టూల్లో ఎవరో దొంగదారి (బ్యాక్‌డోర్) పెట్టిన గొడవ గుర్తుందా? ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్లోకి వెళ్లే పద్ధతి) లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేంటని ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే డెవలపర్ తవ్వితే బయటపడింది. ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌కి ఎక్స్‌జెడ్ కంప్రెషన్‌తో ఏం పని? ఏమీ లేదు. కొన్ని డిస్ట్రోలు దానికి సిస్టమ్‌డీ వాళ్ల లిబ్‌సిస్టమ్‌డీ లైబ్రరీ తగిలించాయి, అది ఎక్స్‌జెడ్ లైబ్రరీ అయిన లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏని తెచ్చుకుంది. అవసరం ఉన్నా లేకున్నా ప్రాసెస్ లేచేటప్పుడే ఎక్కేది. సిస్టమ్‌డీ వాళ్లు అప్పటికే ఈ లైబ్రరీలని పని పడ్డప్పుడే లోడ్ చేసేలా మారుస్తున్నారు. అలా మారాక ఉంటే ఆ దారి మూసుకుపోయేదే. అంటే ఇక్కడ అవసరానికి లోడ్ చేయడమే మంచిది, ముందే ఎక్కించుకోవడం చెడ్డది. కెర్నల్లో చూస్తే తలకిందులు. నన్నడిగితే చూడాల్సింది ఎవడు అడిగితే లోడ్ అవుతోంది అని. ఇడ్లీ గారి ఆటో అప్రూవ్ పోలిక అందుకే కరెక్ట్.

బస్సు కదిలింది. ఉంటా.

ఇందిరానగర్_ఇడ్లీ (4:24)
థాంక్యూ సార్. ఒక్కరైనా అర్థం చేసుకున్నారు.

మారతహళ్లి_మూర్తి (4:48)
లిస్టులు గుడ్డిగా కాపీ కొట్టకండి, నా గతి పడుతుంది. ఎక్కడో సర్వర్ భద్రత పెంచే హార్డెనింగ్ లిస్టు దొరికితే, అందులోని ఫైల్‌సిస్టమ్‌లన్నీ ఇన్‌స్టాల్ లైన్లతో ఆపేశాను. అందులో వీఫ్యాట్ ఉంది. పెన్‌డ్రైవ్‌ల కోసం అనుకున్నా. రెండు నెలలకి రీబూట్ చేస్తే మా డెబియన్ మెషీన్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగింది. మెషీన్ లేవడానికి కావల్సిన ఫైళ్లున్న /బూట్/ఈఎఫ్ఐ ఉండేదే వీఫ్యాట్ పార్టిషన్లో! రాత్రి పదకొండింటికి క్యాబ్ దొరక్క, బైక్ మీద వానలో ఆఫీసుకి పోయాను. రెండు నెలల క్రితం రాసిన లైను ఎవడికి గుర్తుంటుంది?

డాకర్ సంగతి: అన్నీ లేచాక, కంటైనర్లు ఒకసారి నడిచాక తాళం వేస్తే చాలావరకు బాగానే ఉంటుంది. తర్వాత మెషీన్ల మధ్య ఓవర్‌లే నెట్‌వర్క్ పెట్టాలంటే వీఎక్స్‌ల్యాన్ మాడ్యూల్ అడుగుతుంది, అప్పుడు దొరికిపోతారు.

రూట్_రాజు (5:10)
కడప తమ్ముడూ, ఇంట్లో వర్చువల్ మెషీన్లో నేనూ చేసి చూశా. డిపెండెన్సీ సంగతి నువ్వు చెప్పిందే కరెక్ట్. బ్లాక్‌లిస్ట్ పనికిరానిది మాత్రం కాదు, అది వెనక్కి తీసుకోను.

కడప_కోడర్ (5:13)
పనికిరాదని నేనెప్పుడన్నానన్నా? సరే వదిలెయ్. కోరమంగళ వైపొస్తే చెప్పు, రాగి సంగటి దొరికే మెస్ ఒకటుంది.

టెస్టర్_శ్రావ్య (5:15)
ఆ మెస్ పేరు ఇక్కడే చెప్పండి!

వైట్‌ఫీల్డ్_వాసు (సోమవారం, రాత్రి 9:35)
అందరికీ థాంక్స్. ఇదిగో నేను చేసింది. పన్నెండు సర్వర్లలోనూ ఎల్‌ఎస్‌మాడ్ తీసి పక్కపక్కన పెట్టి చూశాను. ఎక్కడా వాడని నెట్‌వర్క్ ప్రోటోకాల్స్‌కి ఇన్‌స్టాల్ లైన్లు రాశాను, ఐపీవీ4, ఐపీవీ6 పేర్లతో సహా. ప్రతి లైను పైన తేదీ, కారణం కామెంట్‌గా పెట్టాను, మూర్తి గారి వాన గుర్తొచ్చి. ఫైల్‌సిస్టమ్‌ల జోలికి పోలేదు. డేటాబేస్ సర్వర్లు రెండింటికి మాత్రం బూట్ అయ్యాక యూఎస్‌బీ డిస్క్‌లకి కావల్సిన యూఎస్‌బీ స్టోరేజ్, యూఏఎస్ మాడ్యూళ్లు ముందే ఎక్కించి, అప్పుడు తాళం వేసేలా ఒక చిన్న సర్వీస్ రాశాను. డాకర్ మెషీన్లకి తాళం లేదు, లైన్లే.

ఈరోజు బ్యాకప్ డిస్క్ పెట్టగానే కనిపించింది.

ఆడిటర్‌కి ఏం రాయాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. రేపు పదింటికి మీటింగ్.

మడివాళ_మావయ్య (9:41)
అది తర్వాత. ఆ బ్యాకప్ డిస్క్‌ని వేరే సిస్టమ్స్‌లో కూడా పెడుతున్నారా? స్కాన్ చేశావా ముందు?