షుగర్ ఉంటే పంచదార టీ మానేయాల్సిందేనా?

రెండోకప్పు: షుగర్ అని తేలగానే ఇంట్లో అందరూ మొదట నా టీ మీదే పడ్డారు. తిండి తగ్గించాను, నడుస్తున్నాను. పాలూ పంచదారా లేని టీ మాత్రం నాకు కషాయమే. మానకుండా ఏదైనా దారుందా?

నిక్కచ్చి: లేదండీ. టీలో కరిగిన పంచదార తాగిన కాసేపటికే రక్తంలోకి చేరుతుంది. "ఒక్క చెంచాకేమవుతుంది" అనేవాళ్లెవరికీ కప్పుల లెక్క ఉండదు.

చెంచాలెక్క: లెక్కే చూద్దాం. సమంగా తీసిన టీస్పూను పంచదార 4 గ్రాములు. 100 మి.లీ. పాలలో లాక్టోజ్, అంటే పాలలో సహజంగా ఉండే చక్కెర, దాదాపు 5 గ్రాములు. దీన్నెవరూ లెక్కలోకి తీసుకోరు. 100 మి.లీ. పాలు, రెండు చెంచాల పంచదారతో కప్పుకి 13 గ్రాములు, నాలుగు కప్పులకి 52. చెంచా తగ్గించి రెండు కప్పులతో ఆపితే 18. ఇంత తేడా ఉన్నప్పుడు "లేదండీ" అని కొట్టిపారేస్తే ఎలా?

అసలు చిక్కు గిన్నెలో ఉంది. డబ్బాలోంచి పంచదార వంపి మరిగిస్తే ఎంత పడిందో ఎవరికి తెలుసు? గిన్నెలో వెయ్యకండి, కప్పులో చెంచాతో వేసుకోండి. ఆకు ఎక్కువసేపు మరిగించినా వగరెక్కి ఇంకాస్త తీపి అడుగుతుంది.

బెల్లంబ్యాచ్: మేం బెల్లానికి మారాం. సహజమైనది కదా!

చెంచాలెక్క: బెల్లంలోనూ ఎక్కువ భాగం సుక్రోజే, అంటే పంచదారలో ఉండేదే తమ్ముడూ. రంగు చూసి రక్తం మోసపోదు. తేనె కూడా అంతే, షుగర్ పెంచుతుంది.

రెండోకప్పు: మరి పంచదార బదులు వాడే స్టీవియా, సుక్రలోజ్ లాంటి తీపి పదార్థాలు?

నిక్కచ్చి: ప్రపంచ ఆరోగ్య సంస్థే 2023లో వద్దంది.

మీటరుమనిషి: సగమే చెప్పారు. బరువు తగ్గడానికి వాటిని నమ్ముకోవద్దంది. ఆ సిఫార్సు అప్పటికే డయాబెటిస్ ఉన్నవాళ్లకి వర్తించదని అందులోనే ఉంది. వాటితో షుగర్ పంచదారంత పెరగదు, కానీ పాల లాక్టోజ్ ఎక్కడికీ పోదు. పైగా నాలుక అదే తీపికి అలవాటుపడి ఉంటుంది. నన్నడిగితే రెండు వారాలకో అర చెంచా చొప్పున తగ్గించడమే మేలు.

ఇంట్లో గ్లూకోమీటర్ ఉందిగా. టీకి ముందోసారి, తాగిన గంటకి ఒకసారి, రెండు గంటలకి ఇంకోసారి చూడండి. ఇంకోరోజు బిస్కెట్లతో తాగి చూడండి. చాలాసార్లు దొంగ కప్పులో ఉండదు, పక్కన ప్లేటులో ఉంటుంది. తెల్లవారుజామున హార్మోన్ల వల్ల కొందరికి ఏమీ తాగకముందే షుగర్ ఎక్కి ఉంటుంది. అందుకే ముందు రీడింగ్ లేకుండా టీని తిట్టకండి. ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా మార్పులు చేయొద్దు, షుగర్ 70 కిందికి పడితే ప్రమాదం.

రెండోకప్పు: సరే, ఒక్క చెంచా, రెండు కప్పులు. రేపటినుంచి మీటరు చూస్తాను.

నిక్కచ్చి: బిస్కెట్ల సంగతి తేల్చలేదు మీరు.

రెండోకప్పు: అదడుగుతారనే తొందరగా ముగించానండీ.