బర్నౌట్: మనిషిలో ఏదో అయిపోవడమా, మనిషి మీద పని లోడు ఎక్కువవడమా?

నైట్‌షిఫ్ట్ (చర్చ మొదలుపెట్టినవారు)

మా వార్డులో ఒక సీనియర్ నర్సు ఉద్యోగం మానేశారు. వెళ్ళే ముందు ఆవిడకు బర్నౌట్, అంటే పని చేసీ చేసీ పూర్తిగా అలసిపోవడం, అని చెప్పి కౌన్సెలింగ్ ఇప్పించారు, కొన్నాళ్ళు సెలవిచ్చారు. తిరిగొచ్చేసరికి అదే వార్డు, అంతే మంది పేషెంట్లు, అవే ఖాళీ పోస్టులు. ఒక బెడ్ దగ్గర సెలైన్ మార్చి చార్టులో సంతకం పెట్టేలోపు ఇంకో బెడ్ దగ్గర బెల్ మోగుతుంది. ఆ సంతకం షిఫ్టు అయిపోయాక కూర్చుని పెట్టాలి. ఆవిడ మానేశాక రికార్డులో రాసిన కారణం "వ్యక్తిగతం".

నా వాదన ఇది. బర్నౌట్ అనగానే మనిషిలో ఏదో అయిపోయిందనుకుంటాం. ఓపిక, ఆసక్తి, మనోబలం, ఏదో ఒకటి. పనిలో ఉన్న లోపానికి మనిషి పేరు తగిలిస్తున్నాం. ఈ మాట చాలా రంగాల్లో ఉంది కదా, మీ రంగంలో దాని అర్థమేంటి, అది జరిగితే అక్కడ తప్పు ఎవరిదంటారు? నాతో ఏకీభవించకపోయినా రాయండి.

కాయిల్_చుట్టేవాడు

మోటార్ వైండింగ్ నా పని. మాకు బర్నౌట్ అంటే కాయిల్ కాలిపోవడమే.

కాలిన మోటార్ షాపుకి రాగానే కవర్ విప్పి కాయిల్స్ చూస్తాం. మూడు ఫేజుల కాయిల్సూ సమానంగా నల్లబడితే ఓవర్‌లోడు. స్టార్ కనెక్షన్‌లో రెండు ఫేజులు మాడిపోయి మూడోది కొత్తదానిలా ఉంటే, ఒక ఫేజు పోయినా అలాగే నడిపించారని అర్థం. ఎక్కడో ఒక్కచోట మచ్చలా కరిగితే ఇన్సులేషన్‌లోనే లోపం ఉండొచ్చు. ఎక్కడ, ఎలా కాలిందో చూస్తే ఎందుకు కాలిందో చాలావరకు తెలిసిపోతుంది. చూడకుండా కొత్త కాయిల్ చుట్టి పంపితే, అదే పంపుకి బిగిస్తారు, మళ్ళీ మా దగ్గరికే వస్తుంది.

ఇంకో సంగతి. కాయిల్ తీగని కాపాడే పూతల్లో ఒక రకం, ఎఫ్ క్లాస్ ఇన్సులేషన్, దాని హద్దు 155 డిగ్రీలు. హద్దు దాటాక ప్రతి పది డిగ్రీలకూ దాని ఆయుష్షు సగానికి పడిపోతుందని మా లెక్క. వెంటనే కాలదు, నడుస్తూనే ఉంటుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. లోడు ఎక్కువైతే మోటార్‌ని ఆపేసే ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అవుతుంది, ఆపరేటర్ రీసెట్ నొక్కుతాడు. మళ్ళీ ట్రిప్, మళ్ళీ రీసెట్. చివరికి విసుగొచ్చి రిలే సెట్టింగే పెంచేస్తాడు.

మీ నర్సుగారికి ఇచ్చిన సెలవు ఆ రీసెట్ బటనే అనిపించింది నాకు.

స్టేజ్_వన్

రాకెట్ల వైపు నుంచి చెప్తాను. మా దగ్గర బర్నౌట్ ప్రమాదం కానే కాదు, ముందే లెక్క కట్టుకున్న క్షణం. రాకెట్‌లో ఒక స్టేజిలో, అంటే సొంత ఇంజిన్, ఇంధనం ఉన్న ఒక భాగంలో, ఇంధనం అయిపోయి ఇంజిన్ ఆగిపోవడం. అది సరిగ్గా అనుకున్న సమయానికి జరిగితే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ స్టేజి వేగం అత్యధికంగా ఉండేది కూడా అప్పుడే. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన సాటర్న్ 5 రాకెట్ మొదటి స్టేజి సుమారు రెండున్నర నిమిషాలు మండి, 60 కిలోమీటర్లు దాటిన ఎత్తులో విడిపోయి సముద్రంలో పడేది. దాని పని అంతటితో సరి.

నాకు భయమేసేది ఇక్కడే. ఉద్యోగాల్లో జనం మాట్లాడేది ఈ రాకెట్ అర్థంలోనే: "ఇంధనం అయిపోయింది, మళ్ళీ నింపుకుని రా". మరి ఎగురుతున్న రాకెట్‌లో మండిపోయిన స్టేజిని ఎవరూ నింపరు. వదిలేసి పై స్టేజి వెలిగిస్తారు. మనుషుల్ని పెట్టుకునే పద్ధతి కూడా అలాగే ఉన్నచోట ఈ మాట చాలా తేలిగ్గా చెల్లిపోతుంది. మానేసినవాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళు వస్తారు, లెక్క సరిపోతుంది.

టైర్‌పొగ

నేరుగా ఉన్న రోడ్డు మీద తక్కువ దూరం పెట్టే కార్ల రేసులు, డ్రాగ్ రేసుల్లో బర్నౌట్ కావాలని చేసేది. స్టార్ట్‌కి ముందు టైర్లను నీళ్ళలో తడిపి, ఉన్నచోటే గిర్రున తిప్పి వేడి చేస్తాం. మీద పట్టిన మురికి పోతుంది, రబ్బరు మెత్తబడి రోడ్డును పట్టుకుంటుంది. కొన్ని సెకన్ల పని. ఎక్కువసేపు తిప్పితే రేసు మొదలవకముందే టైర్ అరిగిపోతుంది. మైనపు నమూనాతో చేసే లోహపు పోతపనిలో కూడా ఇది మంచి మాటే. అచ్చులోంచి మైనం పూర్తిగా కాలి బయటికి పోవడాన్ని బర్నౌట్ అంటారు, అది పోతేనే లోహానికి చోటు.

అన్ని రంగాల్లోనూ ఇది నష్టం కాదని చెప్పడానికే రాశాను. ఎంతసేపు కాలాలో ఎవరో ఒకరు చేతిలో పెట్టుకున్న చోట అది పనిముట్టు.

మనోవైద్యం_నా_వృత్తి

మోటార్ పోలిక బాగుంది. కానీ దాన్ని పట్టుకుని చర్చ అంతా ఒకే వైపుకి వెళ్తోంది, అందుకే అడ్డు వస్తున్నాను.

ముందు నైట్‌షిఫ్ట్ గారి పక్షాన ఉన్నవి చెప్తాను. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ ఈ మాటను మనస్తత్వశాస్త్రంలోకి తెచ్చినప్పుడు ఆయన రాసింది న్యూయార్క్‌లో ఒక ఉచిత క్లినిక్ సిబ్బంది గురించే. 1981లో క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ తయారుచేసిన ప్రశ్నావళిలో మూడు అంశాలుంటాయి: లోపలినుంచి అలసిపోవడం, ఎదుటి మనుషుల పట్ల మొద్దుబారడం, చేస్తున్నదేదీ పనికొచ్చేది కాదనిపించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితా ఐసీడీ-11లో దీన్ని జబ్బుగా లెక్కించలేదు. సరిగా అదుపు చేయకుండా దీర్ఘకాలం కొనసాగిన ఉద్యోగ ఒత్తిడి ఫలితంగా వచ్చే, వృత్తికి సంబంధించిన స్థితి అంది. 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. ఇంతవరకూ మీ మాటే.

ఇప్పుడు నా అభ్యంతరం. 2018లో అమెరికా వైద్య సంఘం పత్రిక జామాలో డాక్టర్ల బర్నౌట్ మీద ఒక సమీక్ష వచ్చింది. 182 అధ్యయనాలు చూస్తే, బర్నౌట్ ఉన్న డాక్టర్లు ఒకచోట సున్నా శాతం, ఇంకోచోట 80.5 శాతం. ఎందుకంటే ఆ అధ్యయనాల్లో కనీసం 142 రకాల నిర్వచనాలు వాడారు. ఇంత వదులుగా ఉన్న మాటని నా దగ్గరికి వచ్చిన మనిషికి ఎలా అంటించను? బియాంకీ, షోన్‌ఫెల్డ్ లాంటి పరిశోధకులు ఇది చాలావరకు డిప్రెషనేనని ఏళ్ళుగా వాదిస్తున్నారు. నేను అంతదూరం వెళ్ళను. కానీ "నాకేం లేదు డాక్టర్, బర్నౌట్ అంతే, ప్రాజెక్టు అయిపోతే సర్దుకుంటుంది" అని నిద్ర లేక, తిండి సయించక, చావు ఆలోచనలతో నెలలు గడిపి వచ్చేవాళ్ళని చూస్తున్నాను. పనిది తప్పు అనే మాట వాళ్ళని వైద్యానికి దూరం చేస్తోంది.

టీమ్‌లీడ్_నేనే

నేను మేనేజర్‌ని, తిట్టుకున్నా పర్లేదు. ఒకే టీమ్, ఒకే పని, ఒకే గడువు. ఒకరు కుప్పకూలుతారు, ఇంకొకరు బాగానే ఉంటారు. తప్పంతా లోడుదే అయితే ఇద్దరూ కూలాలి కదా? మనిషిని బట్టి ఉంటుందనడం అన్యాయం ఎలా అవుతుంది?

కాయిల్_చుట్టేవాడు

టీమ్‌లీడ్ గారూ, తిట్టను, మీరడిగింది సరైన ప్రశ్నే. ఒకే లోడు మీద రెండు మోటార్లు పెడితే ఒకటి ముందు కాలొచ్చు. ఫ్యాన్ దగ్గర దుమ్ము పట్టి గాలి ఆడకపోవచ్చు, బేరింగ్ బిగుసుకుని ఉండొచ్చు. తేడా నిజమే. కానీ ప్రతి మోటార్‌కీ నేమ్‌ప్లేట్ ఉంటుంది, ఎన్ని ఆంప్స్ వరకు లాగొచ్చో దాని మీదే రాసి ఉంటుంది. అది దాటించి నడిపితే మోటార్ మంచిదా చెడ్డదా అని ఎవరూ అడగరు, నడిపినవాడిని అడుగుతారు. మీ టీమ్‌లో ఆ నేమ్‌ప్లేట్ ఎవరు రాశారు? మీ గడువులు పెట్టినప్పుడు ఎవరైనా దాన్ని చదివారా?

బాయిలర్_గేజ్

టీమ్‌లీడ్ గారికి నాదో జవాబు. వేడి బదిలీ చదువులో బర్నౌట్‌కి ఇంకో అర్థం ఉంది, ఈ చర్చకి అదే ఎక్కువ అవసరమనుకుంటాను.

1934లో జపాన్‌లో నుకియామా అనే శాస్త్రవేత్త నీళ్ళలో సన్నటి లోహపు తీగ పెట్టి కరెంటు పంపి చూశాడు. తీగ మీద బుడగలు పుడుతున్నంతసేపు వేడి చక్కగా నీళ్ళలోకి పోతుంది. కరెంటు పెంచేకొద్దీ బుడగలు పెరుగుతాయి, వేడి ఇంకా బాగా పోతుంది. చూసేవాడికి అంతా మెరుగవుతున్నట్టే ఉంటుంది. ఒక హద్దు దగ్గర బుడగలన్నీ కలిసిపోయి తీగ చుట్టూ ఆవిరి పొర కమ్మేస్తుంది. ఇక వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. తీగ ఉష్ణోగ్రత ఒక్కసారిగా వందల డిగ్రీలు ఎగబాకుతుంది, తీగ కరిగి తెగిపోవచ్చు. దాన్నే బర్నౌట్ అంటాం.

మేనేజర్లు చూడాల్సింది ఇందులో రెండున్నాయి. ఒకటి, హద్దుకి ఒక్క అడుగు ముందు వరకూ పనితీరు బ్రహ్మాండంగా ఉంటుంది. మీ టీమ్‌లో "బాగానే ఉన్న" ఆ రెండో మనిషి ఎక్కడున్నాడో బయటినుంచి మీకు తెలిసే వీల్లేదు. రెండు, ఒకసారి ఆవిరి పొర పట్టాక కరెంటు కొంచెం తగ్గిస్తే పొర పోదు, హద్దుకి చాలా కిందికి తేవాలి. కూలిన మనిషికి పని పది శాతం తగ్గించి "ఇంకా కోలుకోలేదేంటి" అనడం ఇలాంటిదే.

అణు రియాక్టర్ల డిజైన్‌లో ఆ హద్దు దగ్గరికి ఎప్పుడూ వెళ్ళనివ్వరు. కచ్చితమైన హద్దు ముందే తెలియదు కాబట్టి చాలా దూరంలోనే ఆగుతారు.

నైట్‌షిఫ్ట్

మనోవైద్యం గారికి. వైద్యం వద్దని నేననలేదు. మా నర్సుగారికి డిప్రెషన్ ఉండి ఉంటే దానికి మందు ఇవ్వాల్సిందే. కానీ కౌన్సెలింగ్‌లో ఆవిడని ఊపిరి ఎలా పీల్చాలో నేర్చుకోమన్నారు, ఒక్కరూ ఆవిడ డ్యూటీల పట్టిక, రోస్టర్, అడగలేదు. 2018లో వెండీ డీన్, సైమన్ టాల్బాట్ అనే ఇద్దరు డాక్టర్లు తోటి డాక్టర్ల స్థితిని బర్నౌట్ అనొద్దన్నారు. పేషెంటుకి ఏం చేయాలో తెలిసి కూడా చేయనివ్వని వ్యవస్థ వల్ల మనస్సాక్షికి తగిలే దెబ్బ అది అన్నారు. మా వార్డులో నేను చూసేది అదే. ఆవిడ అలసిపోయినందుకు ఏడవలేదు. ఒక ముసలాయనకి నొప్పి మందు ఇవ్వడం ఆలస్యమైందని ఏడ్చింది.

ఇద్దరిపిల్లలమ్మ

మీరంతా ఉద్యోగాల గురించే మాట్లాడుతున్నారు. మా చిన్నవాడికి మాటలు రావు, రాత్రిళ్ళు నిద్రపోడు. డాక్టర్ గారు చెప్పిన మూడు అంశాలూ నాలో ఉన్నాయి. వాడు పిలుస్తుంటే వినపడుతూనే ఉంటుంది, లోపల మాత్రం ఏమీ కదలదు. అది నాకు చాలా భయంగా ఉంది.

ఐసీడీలో ఇది ఉద్యోగానికి మాత్రమే వర్తిస్తుంది, జీవితంలో మిగతా విషయాలకి వాడకూడదని చదివాను. మరి నాది ఏంటి? లోడు తప్పు అంటారు సరే, నా లోడు నా బిడ్డ. ఎవరిమీద ఫిర్యాదు చేయను?

మనోవైద్యం_నా_వృత్తి

అమ్మా, మీ ప్రశ్న దగ్గర ఆ నిర్వచనం నిజంగానే చిన్నదైపోతుంది. బెల్జియంలో ఇజబెల్ రోస్కామ్, మొయిరా మికొలాయ్‌చాక్ అనే ఇద్దరు దీనిమీదే పనిచేస్తున్నారు. తల్లిదండ్రుల బర్నౌట్‌కి ప్రత్యేకంగా ప్రశ్నావళి కూడా తయారుచేశారు. మీరు చెప్పిన ఆ దూరం, "నేను ఇదివరకటి అమ్మని కాను" అనే భావన, వాళ్ళు గుర్తించిన ముఖ్య లక్షణాల్లో ఉన్నాయి. మీకు బిడ్డ మీద ప్రేమ లేదని దానర్థం కాదు.

లోడు మీ బిడ్డ కాదు. రాత్రి ఇంకొకరు లేకపోవడం లోడు. దానికి మందు రాయలేను, కానీ ఇంట్లోవాళ్ళని పిలిపించి ఎవరు ఏ రాత్రి మేలుకుంటారో నా ఎదుట తేల్చుకోమని అడగగలను. అడుగుతాను కూడా. మీ దగ్గర్లో ఉన్న డాక్టర్‌ని అదే అడగండి. చనిపోవాలనో, బిడ్డకి హాని చేయాలనో ఆలోచన ఒక్కసారి వచ్చినా ఈ చర్చ ఆపేసి ఈరోజే ఆస్పత్రికి వెళ్ళండి.

టీమ్‌లీడ్_నేనే

కాయిల్ గారి నేమ్‌ప్లేట్ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉంది, మీకు నచ్చకపోవచ్చు. గడువు నా పైవాళ్ళు పెడతారు, నేను కాదు. అయినా మనిషిని బట్టి తేడా ఉంటుందన్న మాట మీదే ఉన్నాను. అందుకే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి ఎవరికెంత పనో చూస్తాను.

నైట్‌షిఫ్ట్

విడిగా మాట్లాడండి, మంచిదే. మాట్లాడాక వాళ్ళు చెప్పింది రాతలో మీ పైవాళ్ళకి పంపండి. లేకపోతే అది మళ్ళీ ఆ మనిషికీ మీకూ మధ్యే ఉండిపోతుంది.

నేను మా సూపరింటెండెంట్‌ని అడగబోయేది ఇది. ఎవరైనా మానేస్తుంటే ఫారంలో "వ్యక్తిగతం" అనే గడితో పాటు ఇంకో గడి ఉండాలి: చివరి మూడు నెలల్లో ఒక్కో షిఫ్టుకి ఎంతమంది పేషెంట్లు, ఎన్ని డబుల్ డ్యూటీలు, ఎన్ని పోస్టులు ఖాళీ. దాన్ని మానేసేవాళ్ళు కాదు, ఆఫీసు నింపాలి. డాక్టర్ గారూ, మీ దగ్గరికి వచ్చేవాళ్ళ కేస్ షీట్‌లో కూడా అలాంటి గడి పెట్టగలరా?

మనోవైద్యం_నా_వృత్తి

పెట్టగలను. పని గంటలు, రాత్రి డ్యూటీలు ఇప్పటికే అడుగుతున్నాను, ఖాళీ పోస్టుల సంగతి అడగట్లేదు. చేరుస్తాను. డిప్రెషన్ పరీక్ష మాత్రం అందరికీ చేస్తూనే ఉంటాను, రోస్టర్ ఎంత ఘోరంగా ఉన్నా సరే.