‘బరో’ అనే మాటను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న

సమూహంలోని పెద్దలకు నమస్కారం. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో ఉంటున్న మా మేనల్లుడి పిల్లల కోసం వాళ్ళ ఊరి చరిత్రను తెలుగులో నాలుగు పేజీలు రాసిపెడదామని కూర్చున్నాను. ఆ ఊరి పేరు మెటచెన్. మొదటి వాక్యం దగ్గరే కలం ఆగిపోయింది. ‘మెటచెన్ మిడిల్‌సెక్స్ కౌంటీలోని ఒక బరో’ అని రాస్తే మా ఇంట్లోవాళ్ళకు ఏమీ బోధపడలేదు. ‘మండలం’ అందామంటే మరీ పెద్దదిగా తోస్తోంది. న్యూయార్క్‌లోని అయిదు బరోలను తలచుకుని ‘నగర విభాగం’ అందామంటే, మెటచెన్ ఏ నగరానికీ విభాగం కాదని మేనల్లుడు అంటున్నాడు. ‘శివారు పట్టణం’, ‘నగర పంచాయతీ’ అనేవి మిత్రులు సూచించిన మాటలు. వీటిలో ఏది సరైనదో, ఏదీ కాకపోతే ఏమనాలో దయచేసి చెప్పగలరు.

జవాబు

అడిగినవారికి నమస్కారం. ఈ మాటకు ఒక్క పదంతో జవాబు చెప్పడం తేలిక కాదు. అది పుట్టినచోట ఒక అర్థంతో పుట్టి, సముద్రం దాటాక ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క అర్థం సంపాదించుకుంది. కనుక ముందు మాట సంగతి, ఆ తరువాత మీ ఊరి సంగతి చెబుతాను.

ప్రాచీన ఆంగ్లంలో ‘బుర్హ్’ అంటే కోట, లేదా గోడ కట్టి కాపాడుకునే చోటు. తొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులోని ఆల్ఫ్రెడ్ రాజు, డేనులనే వైకింగుల దాడులను తట్టుకోవడానికి తన రాజ్యం పొడవునా కట్టించిన రక్షిత స్థలాలకు ఇదే పేరు. జర్మన్ ఊళ్ళ పేర్ల చివర కనిపించే ‘బుర్గ్’, ఎడిన్‌బరో చివరి ‘బరో’, కాంటర్‌బరీ చివరి ‘బరీ’ అన్నీ ఈ కుదురు నుంచి వచ్చినవే. ఈ మాటను భాషాశాస్త్రజ్ఞులు ‘ఎత్తైన’ అనే అర్థమున్న మూల ధాతువుకు ముడిపెడతారు. మనం రోజూ వాడే ‘బృహత్’ కూడా ఆ ధాతువు నుంచి వచ్చినదే. ‘బృహత్ ప్రణాళిక’ అన్నప్పుడల్లా ఆ దూరపు చుట్టాన్ని మనకు తెలియకుండానే పలుకుతున్నామన్నమాట.

పుట్టుకను బట్టి చుట్టం ‘బృహత్’ అయితే, నడతను బట్టి చుట్టం ‘పురం’. ఋగ్వేదంలో ‘పుర్’ అంటే ప్రాకారమున్న చోటు. శత్రువుల పురాలను బద్దలు కొట్టాడు కనుకనే ఇంద్రుడు పురందరుడయ్యాడు. శివుడు దహించిన త్రిపురాలు కూడా కోటలే. కాలక్రమంలో గోడ సంగతి మరుగున పడి, పురం అంటే జనం గుమికూడి నివసించే ఊరని స్థిరపడింది. బుర్హ్ కూడా సరిగ్గా ఇదే దారిలో నడిచింది, కాకపోతే ఒక మలుపు అదనంగా తిరిగింది. మధ్యయుగపు ఇంగ్లండులో గోడకు బదులు శాసనపత్రం ముఖ్యమైంది. రాజు నుంచి హక్కుల పత్రం పొంది, తన పాలన తాను చూసుకుంటూ, పార్లమెంటుకు ప్రతినిధులను పంపుకోగలిగిన పట్టణమే బరో. జనం ఖాళీ అయిపోయినా హక్కు మాత్రం మిగిలిన ఓల్డ్ సారమ్ వంటి చోట్లు 1832 సంస్కరణ దాకా ఇద్దరేసి సభ్యులను పంపుతూనే ఉన్నాయి. అంటే అప్పటికే ఈ మాటకు ఇళ్ళతోనూ గోడలతోనూ పని లేదు, హక్కుతోనే పని. అమెరికాకు చేరినది ఈ అర్థమే.

అక్కడ కూడా అది ఒకచోట నిలకడగా ఉండలేదు. 1898లో చుట్టుపక్కల ప్రాంతాలను కలుపుకుని న్యూయార్క్ మహానగరం ఏర్పడినప్పుడు దాని అయిదు భాగాలకు బరో అనే పేరు పెట్టారు. మనలో చాలామందికి తెలిసిన అర్థం ఇదొక్కటే కావడం వల్లనే ‘నగర విభాగం’ అనే అనువాదం పుట్టింది. అలాస్కాలోనైతే ఇతర రాష్ట్రాల కౌంటీకి, అంటే మన జిల్లా వంటిదానికి, సమానమైన దానిని బరో అంటారు. అక్కడి నార్త్ స్లోప్ బరో ఒక్కటే విస్తీర్ణంలో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ కంటే పెద్దది, అందులో ఉండే జనం మాత్రం మన పెద్ద పంచాయతీ ఒకదానికి సరిపోతారు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాలలో బరో అంటే తన పన్నులు తానే వేసుకుని, తన పాలకమండలిని తానే ఎన్నుకునే చిన్న ఊరు. మీకు కావలసినది ఈ చివరిదే.

ఇక మెటచెన్. చరిత్ర రాస్తున్నారు కనుక ఈ ఊరు బరో ఎందుకయిందో చెప్పకుండా బరో అంటే ఏమిటో చెప్పలేరని నా అభిప్రాయం. ఊరి పేరు ఇక్కడి మూలవాసుల నాయకుడు మటౌచిన్ పేరు నుంచి వచ్చిందని చెబుతారు. రాతలో అది మొదటిసారి కనిపించేది 1688-89లో. గడచిన హిమయుగంలో ఉత్తరం నుంచి దిగివచ్చిన హిమానీనదం ఆగిపోయి కరిగినచోట పోగుపడిన రాళ్ళూ మట్టీ ఒక తక్కువ ఎత్తు గట్టుగా మిగిలాయి. పెర్త్ అంబాయ్ దగ్గర మొదలయ్యే ఆ గట్టు ఈ ఊరి మీదుగానే వాయవ్యంగా సాగుతుంది. 1777 జూన్ 26న బ్రిటిష్ సేనలకూ అమెరికన్ సేనలకూ మధ్య షార్ట్ హిల్స్ పోరాటం జరిగినది ఈ పరిసరాలలోనే. ఆ పేరులోని ‘హిల్స్’ ఈ గట్టు మిట్టలే. పందొమ్మిదో శతాబ్దం నాలుగో దశకంలో రైలుమార్గం వచ్చాక, న్యూయార్క్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పల్లె నగరంలో ఉద్యోగం చేసేవారు కాపురముండే ఊరుగా మారింది. రచయితలు, చిత్రకారులు, చదువుకున్నవారు ఎక్కువగా చేరడంతో దీనికి ‘తెలివైన బరో’ అనే ముద్దుపేరు కూడా వచ్చింది. మీ పిల్లలకు ఈ ముద్దుపేరు నచ్చుతుంది, తప్పక రాయండి.

అప్పటికి అది రారిటన్ అనే టౌన్‌షిప్‌లో భాగం. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. తెలుగులో ‘టౌన్‌షిప్’ అనగానే కర్మాగారం పక్కన ఉద్యోగుల కోసం కట్టిన కాలనీయే మన మనసులో మెదులుతుంది. న్యూజెర్సీ టౌన్‌షిప్ అది కాదు; పొలాలు, పల్లెలు, విడివిడి వాడలు అన్నీ కలిసి ఉండే పాలనా క్షేత్రం. మన రెవెన్యూ గ్రామంలో మజరాలు ఉన్నట్లు, దానిలో చిన్న చిన్న ఊళ్ళు ఉండేవి. వాటిలో రైల్వే స్టేషను చుట్టూ దట్టంగా ఇళ్ళు లేచిన ఊరికి వీధి దీపాలు, కాలిబాటలు, మంచి బడి కావాలి. దూరాన పొలాల్లో ఉన్నవారికి వాటి ఖర్చు పంచుకోవడం ఇష్టముండదు. ఉమ్మడి కుటుంబంలో సంపాదనపరుడైన తమ్ముడు వేరు కాపురం కోరినట్లు, ఆ ఊరు విడిపోయి బరో అవుతుంది.

ఈ వేరు కాపురాల ఉరవడి 1894లో పరాకాష్ఠకు చేరింది. ఆ ఏడాది వచ్చిన విద్యా చట్టం టౌన్‌షిప్ మొత్తాన్ని ఒకే బడి జిల్లాగా చేసింది. పాత బడుల అప్పులు ఎవరివి వారివే అయినా, ఇకపై బడుల కోసం చేసే అప్పులు అందరి నెత్తినా పడతాయన్నమాట. అయితే బరోకు తన బడి జిల్లా తనకే ఉంటుంది. అంతటితో బెర్గెన్ కౌంటీలో ఒక్క 1894లోనే 26 కొత్త బరోలు పుట్టాయి. దీనిని హేళన చేస్తూ పుట్టిన మాట ‘బరోయైటిస్’. టాన్సిలైటిస్, ఆర్థ్రైటిస్‌లలో వాపును సూచించే ప్రత్యయమే ఇక్కడా చేరింది. తెలుగులో దీనిని ‘బరో జాడ్యం’ అంటే చక్కగా అతుకుతుంది. ‘బరో వాపు’ అక్షరాలా సరైనదే అయినా నవ్వు తెప్పిస్తుంది, అసలు మాట ఉద్దేశం కూడా నవ్వించడమే కనుక దానినీ కాదనలేను.

జాడ్యం ముదరడంతో శాసనసభ పగ్గాలు బిగించి, ఇకపై తన చట్టం లేకుండా కొత్త బరో ఏర్పడరాదని నియమం పెట్టింది. అందువల్లనే మెటచెన్ ప్రత్యేక చట్టం ద్వారా 1900 మార్చి 20న బరో అయింది. చుట్టూ మిగిలిన రారిటన్ టౌన్‌షిప్ 1954లో తన పేరును ఎడిసన్‌గా మార్చుకుంది. థామస్ ఎడిసన్ గ్రామఫోనుకు ఆద్యమైన యంత్రాన్నీ విద్యుద్దీపాన్నీ రూపొందించిన మెన్లో పార్క్ ప్రయోగశాల దాని పరిధిలోనే ఉండేది. ఈనాడు అమెరికాలో తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన చోట్ల పేర్లు చెప్పమంటే మొదట వచ్చే వాటిలో ఎడిసన్ ఒకటి. లక్షకు పైగా జనమున్న ఆ ఎడిసన్ నడుమ, అన్ని వైపులా దానితోనే చుట్టబడి, ఏడు చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేలలో పదిహేను వేల మందితో మెటచెన్ ఉంది. అక్కడివారు ఇటువంటి ఊరిని తమ తీపి పిండివంట పేరుతో ‘డోనట్ రంధ్రం’ అంటారు. మనకు అంత దూరం పోనక్కరలేదు: ఎడిసన్ గారె అయితే మెటచెన్ గారె మధ్య చిల్లు.

ఇప్పుడు మీరు పంపిన మాటలను ఒక్కసారి తూచి చూడండి. ‘శివారు పట్టణం’ తగదు, ఎందుకంటే ఇది ఎవరి శివారులోనూ లేదు, నడిబొడ్డున ఉంది. పైగా శివారు అంటే మరొక ఊరికి లోబడినదనే అర్థం వస్తుంది. వేరుపడటమే దీని చరిత్ర అయినప్పుడు ఆ మాట వాడితే చరిత్ర తలకిందులవుతుంది. ‘మండలం’ అనేక ఊళ్ళ కూటమి. ఇది ఒక్క ఊరు. ‘నగర పంచాయతీ’ దగ్గరగా వస్తుంది కాని, మన రాజ్యాంగం 74వ సవరణ ప్రకారం అది పల్లె నుంచి పట్టణంగా మారుతున్న దశకు పెట్టిన పేరు. న్యూజెర్సీ బరో దేనిగానూ మారడానికి ఎదురుచూడటం లేదు. ఆ రాష్ట్రంలోని 564 స్థానిక పాలనా సంస్థలలో 253 బరోలే. నగరం, పట్టణం, టౌన్‌షిప్, గ్రామం అనే తక్కిన నాలుగు రకాలతో ఇవి సమాన హోదా గలవి, ఒకదాని కింద ఒకటి కావు. మనకు అలవాటైన పల్లె, పట్టణం, నగరం అనే మెట్ల వరుసను అక్కడ అతికించడమే ఈ చిక్కులన్నిటికీ మూలమని నాకు తోస్తుంది.

అందువల్ల నా సలహా: ‘బరో’ను తెలుగు లిపిలో అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘స్వయంపాలిత పురం’ అని వివరించండి. రేడియో, రేడియోలు, రేడియోలో అన్నట్లే బరో, బరోలు, బరోలో అని బహువచనమూ విభక్తులూ చక్కగా చేరతాయి, కనుక మాట మన నోట్లో పరాయిదిగా ఉండిపోదు.

ఒక సందేహం

పై వివరణ చాలా బాగుంది, కానీ ఒక మాట. ‘పేట’ ఎందుకు కాకూడదు? కోటకు వెలుపల వర్తకులు, చేతిపనులవారు చేరి పెరిగిన ఊరే కదా పేట. కోట అర్థం నుంచి వచ్చిన బరోకు అది సహజమైన జోడు అనిపిస్తోంది. పైగా సూర్యాపేట, నాయుడుపేట అన్నట్లు ‘మెటచెన్‌పేట’ అంటే చెవికి ఇంపుగా ఉంటుంది. ‘పురం’ అంటే దానికి ఏదో గుడి వాసన, గ్రాంథిక వాసన తగులుతోంది.

దానికి సమాధానం

ఇంపు సంగతి ఒప్పుకుంటాను. మీరు చెప్పిన పుట్టుకే మాత్రం నాకు అడ్డు తగులుతోంది. బుర్హ్ అంటే గోడ లోపలి చోటు, పేట గోడ బయటిది. కోటను ‘పేట’తో అనువదిస్తే లోపలిదాన్ని బయట పెట్టినట్లవుతుంది. పుట్టుక సంగతి పక్కన పెట్టినా, ఇప్పటి వాడుకలో పేట ఒక పెద్ద ఊరిలోని వాడకూ చెల్లుతుంది. బేగంపేట, అమీర్‌పేట హైదరాబాదులో భాగాలు. అప్పుడు మళ్ళీ ‘నగర విభాగం’ దగ్గరికే వచ్చి పడతాము. పురానికి గుడి వాసన ఉందన్నది నిజమే. కానీ ‘పురపాలక సంఘం’, ‘పురప్రముఖులు’ అనే మాటల్లో ఆ వాసన ఎవరికీ తగలడం లేదు. పైగా మెటచెన్ 1981 నుంచి ఒక రోమన్ కాథలిక్ బిషప్ పీఠానికి కేంద్రం. ఊరు చిన్నదే అయినా పీఠం పేరు దానిదే. దేవాలయపు వాసన కొంచెం తగిలినా అక్కడ నష్టమేమీ లేదు.

బరోలు వేరుపడటమే కాదు, తిరిగి కలవడమూ ఉంది. ఇదే రాష్ట్రంలో ప్రిన్స్‌టన్ బరో కూడా ప్రిన్స్‌టన్ టౌన్‌షిప్ నడుమ గారె చిల్లులాగే ఉండేది. 2011 నవంబరులో రెండు వైపుల ఓటర్లూ ఒప్పుకోవడంతో 2013 జనవరి 1న అవి రెండూ ఒక్కటయ్యాయి. ‘బరో’ను ‘పేట’ అనో ‘పట్టణం’ అనో రాస్తే ఈ కలయికను చెప్పే వాక్యమే కుదరదు, ప్రయత్నించి చూడండి.

ఊరి పేరు ఉచ్చారణ గురించి కూడా ఒక మాట. ఆంగ్ల అక్షరాలను బట్టి మనవాళ్ళు ‘మెటుచెన్’ అనడం వింటుంటాను. అక్కడివారు రెండో అక్షరం మీద ఊనిక వేసి ‘మటచెన్’ అన్నట్లు పలుకుతారు. ప్రశ్న అడిగినవారు ‘మెటచెన్’ అని రాయడం రాతకూ పలుకుకూ మధ్యస్థంగా ఉంది, దానినే ఉంచవచ్చు.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. ఇప్పటికి ఇలా రాసుకున్నాను: ‘మెటచెన్ న్యూజెర్సీ రాష్ట్రం మిడిల్‌సెక్స్ కౌంటీలోని ఒక బరో, అంటే స్వయంపాలిత పురం. నాలుగు వైపులా ఎడిసన్ టౌన్‌షిప్ ఉన్నా ఇది దానిలోది కాదు. 1900లో ఆ ఉమ్మడి నుంచి వేరుపడి, అప్పటి నుంచీ తన కాపురం తాను చేసుకుంటోంది.’ మా అక్కకు చదివి వినిపిస్తే, గారె చిల్లు సంగతి కూడా మొదటి పేరాలోనే పెట్టమంది.