నార్కోలెప్సీ అనుమానం: ఎంఎస్‌ఎల్‌టీ పరీక్ష ఎక్కడ చేస్తారు?

అందరికీ నమస్కారం. మాది బొబ్బిలి దగ్గర పల్లె. డిగ్రీ చదువుతున్న మా తమ్ముడికి రాత్రి బాగా పడుకున్నా పగలు నిద్ర ఆగదు. క్లాసులో సరే, అన్నం తింటూ కూడా కునికేస్తాడు. ఇంట్లో బద్ధకం అన్నారు, ఫోన్ లాక్కున్నారు. నాకు టెన్షన్ పట్టుకున్నది వేరే దానికి. గట్టిగా నవ్వితే చాలు, మోకాళ్లు పట్టు తప్పి కూలబడతాడు. స్పృహ మాత్రం ఉంటుంది, మనం అనేవన్నీ వినబడతాయి. నాయనమ్మ తాయెత్తు కట్టించింది, అదీ ఉండనిచ్చాం.

విజయనగరంలో ఒకరు థైరాయిడ్ చూసి బలానికి మందులు రాశారు. ఇంకొకరు మూర్ఛ అనుకుని ఈఈజీ తీయించారు, నార్మల్. చివరికి ఒక న్యూరాలజిస్టు నార్కోలెప్సీ (పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నరాల జబ్బు) కావచ్చన్నారు. రాత్రంతా నిద్రను రికార్డు చేసే పాలిసోమ్నోగ్రఫీ, మర్నాడు పగలు రెండేసి గంటలకోసారి పడుకోబెట్టి చూసే ఎంఎస్‌ఎల్‌టీ, రెండూ చేయించమన్నారు.

చిక్కల్లా ఇక్కడే. ఫోన్ చేసిన స్లీప్ ల్యాబులన్నీ గురక కోసం పెట్టినవే. రాత్రి పరీక్ష, నిద్రలో మాస్కుతో గాలి పంపే సీపాప్ మిషన్ గురించి గడగడా చెబుతారు, పగటి పరీక్ష అనగానే తెల్లబోతారు.

విశాఖలో రెండూ ఒకేచోట చేసే ఆసుపత్రి తెలుసా? కేజీహెచ్ న్యూరాలజీలో చూపించుకున్నవాళ్లున్నారా? లేక నేరుగా హైదరాబాద్ నిమ్స్‌కో, బెంగళూరు నిమ్హాన్స్‌కో వెళ్లడం మేలా? ఖర్చు సుమారుగా ఎంతవుతుంది? పగటి నిద్ర తగ్గించే మోడాఫినిల్ వాడేవాళ్లు శ్రీకాకుళం, విజయనగరాల్లో ఉంటే, మందు ఇక్కడి షాపుల్లోనే దొరుకుతోందా అన్నది కూడా చెప్పండి. బండి తాళాలు అయితే ఇప్పటికే దాచేశాం.